ఆ రెండు వేళ్ళు

పోయిన వేసవిలో మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తీయాలంటే ముందు చేతులకి ఉన్ని గ్లౌజులు తొడుక్కునేది. మే నెలలో ఢిల్లీ ఎలా ఉంటుందో ఇక్కడ కాపరం చేసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కుళాయి తిప్పితే కాగిన నీళ్ళు, కిటికీ తీస్తే పొయ్యిలోంచి వచ్చినట్టు గాలి. అలాంటి రోజుల్లో, జనవరి పొగమంచులో నేను ఆఫీసుకి వేసుకెళ్ళే గోధుమరంగు గ్లౌజులు తొడుక్కుని, పెరుగు గిన్నె బయటికి తీసి, ఠక్కున తలుపు మూసేసి, ఆ గిన్నె చల్లదనం పోయేదాకా దాని ఎదురుగా కూర్చునేది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

నా పేరు వీరరాఘవులు. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. కేంద్ర ప్రభుత్వంలో గణాంకాల శాఖ ఉద్యోగం. ముప్ఫయ్యేళ్ళుగా శాతాలూ సగటులూ కట్టడం తప్ప నాకు మరో విద్య రాదు. బజారుకి పంపితే ముదిరిన బెండకాయలు ఏరుకొస్తానని మా ఆవిడ సీతారత్నం ఇచ్చిన సర్టిఫికెట్టు కూడా ఒకటుంది. సరోజినీ నగర్ క్వార్టర్లలో పై అంతస్తు మాది. మా గుమ్మం పక్కనుంచే డాబా మీదికి మెట్లు. ఆ డాబా కోసమే రత్నం నా చేత అర్జీల మీద అర్జీలు పెట్టించి ఈ క్వార్టరు సాధించింది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఫిబ్రవరిలో ఆమెకి ఆపరేషన్ చేసి పెద్దపేగులోంచి గడ్డ తీసేశారు. క్యాన్సరే. గడ్డ మొత్తం వచ్చేసింది గానీ, పక్కనున్న గ్రంథుల్లోకి అప్పటికే నాలుగు గింజలు జల్లిందన్నారు. అందుకని మూడు వారాలకోసారి ఆసుపత్రిలో నరంలోకి ఒక మందు ఎక్కించడం, మధ్యలో ఇంటిదగ్గర మాత్రలు, ఇలా ఆరు నెలలు. ఆ ఎక్కించే మందుది వింత గుణం. అది ఒంట్లోకి వెళ్ళాక కొన్నాళ్ళపాటు చల్లనిదేది తగిలినా వేళ్ళలో సూదులు దిగుతాయి. చన్నీళ్ళు గుటక వేస్తే గొంతు పట్టేసినట్టవుతుంది. ఈ మందు కనిపెట్టినవాడికి ఢిల్లీ వేసవి సంగతి ఎవరూ చెప్పి ఉండరని రత్నం తీర్పు చెప్పింది.

అసలు ఆ మనిషికి చన్నీళ్ళంటే ప్రాణం. పెళ్ళయి వచ్చిన కొత్తలో పస్తైనా ఉంటాను గానీ వేడినీళ్ళు తాగలేనని మా అమ్మతో పోట్లాడిన ఘనత ఆమెది. అలాంటిది ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో చాటుగా ఫ్రిజ్‌లోని సీసా తీసి గ్లాసులో పోసుకుంటుంటే వెనకనుంచి వచ్చి పట్టుకుంది. వెన్నదొంగలా దొరికిపోయి గ్లాసు కింద పెట్టాను. ఆమె కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నా ఎదుటే తాగండి. నెమ్మదిగా, గుటక వినపడేట్టు తాగండి.”

తాగాను. గ్లాసు మీద పట్టిన చెమ్మనీ, నా గొంతునీ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. అయిపోయాక ఎలా ఉన్నాయని అడిగింది. నీళ్ళెలా ఉంటాయి, నీళ్ళలాగే ఉన్నాయన్నాను. అంత మొద్దు జవాబు నేను తప్ప ఇంకొకడు చెప్పలేడు. ఆమె లేచి, పొయ్యి మీది గోరువెచ్చటి నీళ్ళు అదే గ్లాసులో పోసుకుని కళ్ళు మూసుకుని తాగింది. నేను తాగినవి మళ్ళీ కక్కి ఆమెకి ఇవ్వగలిగితే బాగుండునని అనిపించింది నాకు. అలాంటి పిచ్చి కోరికలు ఆ వేసవంతా వస్తూనే ఉండేవి.

మందులు మొదలుపెట్టకముందు జరిగిన మాట ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మమ్మల్ని చూసే డాక్టరు పేరు ఇషిత. మా అమ్మాయి శ్రీవల్లి కన్నా ఓ ఆరేళ్ళు పెద్దదేమో. సగం హిందీ, సగం ఇంగ్లీషు మాట్లాడుతుంది, కానీ బయట ఎంతమంది కాచుకుని ఉన్నా తొందరపడదు. రత్నం ఆమెని డొంకతిరుగుడు లేకుండా అడిగింది, నేను బతుకుతానా అని. ఆ పిల్ల తన రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ చూపించింది. ఇవి మీలాంటి పదిమంది అనుకోండి ఆంటీ అంది. ఒక్క ఆపరేషన్‌తో వదిలేస్తే ఐదేళ్ళు దాటేది ఇంచుమించు సగం మంది అంటూ ఒక చెయ్యి దించేసింది. ఈ మందులు కూడా వాడితే మరో ఇద్దరు అంటూ, ఆ దించిన చేతిలోంచి రెండు వేళ్ళు మళ్ళీ పైకి లేపింది.

రత్నం కళ్ళు ఆ రెండు వేళ్ళ మీదే నిలిచిపోయాయి. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు, “ఆ రెండు వేళ్ళలో ఒకటి నాదండీ” అంది.

నేను ఊరుకోవచ్చుగా. శాతాలు గుంపు సంగతి చెబుతాయి గానీ గుంపులో ఉన్న మనిషి సంగతి చెప్పవని, ఆమె ఆ మొదటి ఐదుగురిలోనే ఉండొచ్చని, ఆఫీసు భాషలో విడమరచబోయాను. మొదటి ఐదుగురి సంగతి దేవుడు చూసుకుంటాడు, ఆ రెండు వేళ్ళు మాత్రం నా చేతిలో ఉన్న పని అంది. అంటే మందు ఒక్క చుక్క వదలకుండా పుచ్చుకోవాలి. పుచ్చుకుంటే బతుకుతుంది, మధ్యలో ఆపితే లేదు. ఆమెకి లెక్క అంతే, ఇటు పొల్లుపోదు, అటు పొల్లుపోదు.

ఆ పట్టుదల చూసి మేమూ సంతోషించాం. ఎక్కించిన ప్రతిసారీ నాలుగు రోజులు మంచం మీద వాంతులతో పడి ఉండి, ఐదో రోజు లేచి పోపు వేసేది. ప్రతిసారీ డాక్టరు అడిగేది, వేళ్ళలో తిమ్మిరి తర్వాతి మందు వేళకి పూర్తిగా పోతోందా, ఉండిపోతోందా అని. పోతోంది, ఒక్క వారంలో ఠీక్ అయిపోతోంది అని రత్నం హిందీలో చెప్పేది. నేను పక్కన కూర్చుని, అవునవునని గంగిరెద్దులా తల ఊపేవాణ్ణి.

మే చివర్లో, ఒంట్లో కాస్త ఓపిక ఉన్న సాయంత్రం, సరోజినీ మార్కెట్‌కి వెళ్దామంది. మార్కెట్లో మా ఆవిడ సంగతి దుకాణాలవాళ్ళకి తెలుసు. బట్ట కొసని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపి, ఇది కాటన్ కాదు భయ్యా, ఎవరికి చెబుతావ్ అనేది. వాడు నవ్వేసి అసలుది లోపల్నుంచి తీసేవాడు. ఆ రోజు ఒక కుర్తా గుడ్డ తీసుకుని నలిపింది. మళ్ళీ నలిపింది. ఆ తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని, చెంపకి ఆనించుకుంది. నా వైపు తిరిగి, ఇది కాటనేనంటారా అని అడిగింది.

ముప్ఫయ్యేళ్ళ కాపరంలో బట్ట గురించి నన్ను అడగడం అదే మొదటిసారి. నాకు ఎక్కడలేని పెద్దరికం వచ్చేసింది. కాటనే, నిక్షేపంలా ఉంది, తీసుకో అన్నాను. ఇంటికి వెళ్ళాక శ్రీవల్లి ముట్టుకుని, “మమ్మీ, యే తో పాలిస్టర్ హై” అంది. మా అమ్మాయికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. ఫరీదాబాద్‌లో ఉద్యోగం, పొద్దున్నే మెట్రోలో వెళ్ళి చీకటిపడే వేళకి వస్తుంది. వాళ్ళమ్మ పొరపాటు పడటమా అని అది ఆశ్చర్యపోయింది. నీరసం వల్ల ధ్యాస నిలవటం లేదమ్మా అని నేనే సర్దిచెప్పాను. రత్నం ఆ గుడ్డ మడతపెట్టి బీరువాలో అడుగున పడేసింది.

ఇక డాబా సంగతి. ఢిల్లీ ఎండకి నాకు తెలిసి ఒకే ఒక్క సుగుణం ఉంది, వడియాలు. మా కోస్తాలో వడియాలు పెడితే ఉక్కపోతకి నాలుగు రోజులకి గానీ ఎండవు. ఇక్కడ లూ అనే వడగాలికి రెండో రోజుకే గలగలమంటాయి. ప్రతి జూన్‌లో రత్నం ఆ డాబా మీద పాత చీరలు పరిచి గుమ్మడి వడియాలు పెట్టేది. మా బ్లాకులో తెలుగువాళ్ళందరికీ డబ్బాలు వెళ్ళేవి. ఈసారి వద్దని శ్రీవల్లి మొత్తుకుంది, నేనూ వంత పాడాను. ఈ ఏడు పెట్టకపోతే ఇక మానేసినట్టే అవుతుందని రత్నం నావైపు చూడకుండా అంది. వెళ్ళి బూడిద గుమ్మడికాయ తెచ్చాను. పేఠా మిఠాయి చేస్తారా అంకుల్ అని అడిగాడు కూరగాయలవాడు. గుమ్మడికాయకి మొదటి కత్తిగాటు మగవాడే వేయాలని మావాళ్ళ ఆనవాయితీ, అది నేనే వేశాను. ముక్కలకి ఉప్పు పట్టించి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బరువు కింద పెట్టింది. తెల్లారేసరికి నీరంతా దిగిపోయింది. మినప్పిండి గట్టిగా రుబ్బింది. పచ్చిమిర్చి ముద్ద నూరి కలిపింది. మందుల వల్ల నాలుకకి రుచి తెలియడం లేదు కదా, చాలదని మళ్ళీ నూరి కలిపింది.

ఇందులో నాకొక డ్యూటీ ఉంది. పిండి చేత్తోనే కలపాలి, చేత్తోనే పెట్టాలి, కాబట్టి మిర్చి ఘాటుకి చేతులు భగ్గుమంటాయి. అందుకని నేను వెడల్పాటి గిన్నెలో చల్లటి మజ్జిగ పట్టుకుని సిద్ధంగా ఉండాలి. మధ్యమధ్యలో రత్నం వచ్చి రెండు చేతులూ అందులో ముంచి, హమ్మయ్య అని నన్ను తిట్టేది. మంట మిర్చిది, తిట్లు నాకు. ఆ ఏడు చల్లనిది ముట్టుకోకూడదని మజ్జిగని గోరువెచ్చగా చేసి పట్టుకెళ్ళాను.

ఎండ ఇంకా పైకి రాలేదు. కింది ఇంటి గౌరి సాయానికి వచ్చింది. సిద్దిపేట అమ్మాయి, మా పక్క శాఖలో క్లర్కు భార్య, రత్నాన్ని సొంత అక్కలా చూస్తుంది. ఇద్దరూ పిండి గిన్నెకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. గౌరి నాలుగు వడియాలు పెట్టిందో లేదో చేతులు విదిలించుకుంటూ లేచింది.

“ఏందక్కా, గిన్ని మిరపకాయలేసినవ్? నా చేతులు మంటలేస్తున్నయ్.”

నా చేతిలోని గిన్నె లాక్కుని మణికట్టు దాకా ముంచేసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి పాపం. నేను రత్నం వైపు చూశాను. ఆమె రెండు చేతులూ ఆ పిండిలోనే ఉన్నాయి. అడుగునుంచి పైకి తీసి కలుపుతోంది, ముద్ద తీసుకుని చీర మీద పెడుతోంది, మళ్ళీ చెయ్యి ముంచుతోంది. ఎప్పుడూ అంత తీరుబడిగా వడియాలు పెట్టడం నేను చూడలేదు. గౌరి మాట ఆమెకి కాస్త ఆలస్యంగా ఎక్కినట్టుంది. అవునే, మండుతోంది అంటూ చేతులు బయటికి తీసి కొంగుకి తుడుచుకుంది. తల ఎత్తి చూసింది. నేను ఆమెనే చూస్తున్నాను.

వడియాలు పెట్టడం అయిపోయింది. గౌరి కిందికి వెళ్ళిపోయాక రత్నం పిట్టగోడ నీడలో కూర్చుని తనంతట తనే చెప్పింది. రెండో మందు తర్వాత నుంచీ వేళ్ళకి ఏదో గుడ్డ చుట్టినట్టుగా ఉందట. జాకెట్టు హుక్కులు పట్టు దొరకడం లేదట. గ్లాసు పట్టుకున్నానో లేదో చూస్తే గానీ తెలియదట. నాకప్పుడు ఆ కుర్తా గుడ్డ, ఈ మధ్య వంటింట్లో చీటికీమాటికీ పడుతున్న గ్లాసుల చప్పుడు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. డాక్టరుకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెబితే మందు ఆపేస్తుంది. ఆపితే ఆ రెండు వేళ్ళలో నేనుండను.”

చేతులు ఇలాగే మొద్దుబారిపోతే అన్నాను. చేతుల్లేకపోయినా బతకొచ్చు అంది. అంటూనే నా కుడిచెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది. మందులకి పలచబడిన జుట్టు, కింద మాడు నా అరచేతికి వెచ్చగా తగిలింది. నా మీద ఒట్టు, చెప్పకూడదు అంది.

నాకు ముహూర్తాలమీద నమ్మకం లేదు. పిల్లి ఎదురొస్తే పిల్లికే అపశకునం అనే రకం నేను. కానీ ఒట్టు వేరు. ఎవరి తల మీద చెయ్యిపెట్టి వేశామో, తప్పితే కీడు వాళ్ళకే అని పాలతో పాటు తాగిన మాట అది. నలభయ్యేళ్ళు లెక్కలు చదివినా ఒంట్లోంచి పోలేదు. చెబితే మందు ఆగుతుంది, ఒట్టూ తప్పుతుంది. రేపు ఆమెకేదైనా అయితే ఏ పాపం వల్ల అయిందో కూడా నాకు తెలియదు. చెప్పకపోతే ఆ చేతులు పోతాయి. ఆఫీసులో కూర్చుని ఎదురుగా ఉన్న పట్టికలో ఒకే గడిని గంటసేపు చూస్తూ ఉండిపోయాను. ఏ సగటూ నాకు సాయం రాలేదు.

రెండు రోజుల తర్వాత ఆదివారం నాడు మధ్యాహ్నం ఆంధీ లేచింది. పడమటి ఆకాశం ఇటుకరంగు తిరిగి, దుమ్ము గోడలా వచ్చి పడింది. వడియాలు, అని ఒక్క కేక పెట్టి రత్నం డాబా మీదికి పరుగెత్తింది. నేను తలుపులు బిగించి వెనకాలే వెళ్ళాను. మెట్ల మీద ఆమె చెప్పు ఒకటి పడి ఉంది. పైన ఆ దుమ్ములో, చీర నాలుగు కొసలూ మూట కడుతూ నిలబడి ఉంది. పొద్దుటినుంచీ ఎండకి కాగి ఉన్న డాబా, చెప్పులతో ఉన్నా నా కాళ్ళకి సెగ తగులుతోంది. ఆమె కుడికాలికి చెప్పు లేదు. ఆ కాలిమీదే బరువంతా వేసి నిలబడి, ఒక్కటి కూడా పోలేదండీ అని నవ్వుతోంది.

సాయంత్రానికి అరికాలు బొబ్బలెక్కింది. శ్రీవల్లి వెన్నలాంటి మందేదో రాస్తూ ఏడ్చింది. నొప్పి లేదే, ఎందుకేడుస్తావ్ అని రత్నం దాన్ని ఓదార్చింది. నొప్పి లేకపోవడమే దాని ఏడుపని ఆమెకి తెలియకనా?

తర్వాతి మందు రోజున ఇషిత ఎప్పటిలాగే అడిగింది, తిమ్మిరి ఎలా ఉంది ఆంటీ అని. ఠీక్ హై అంది రత్నం. నర్సుని పిలవడానికి డాక్టరు లేవబోయింది. చిన్నప్పుడు మా ఊళ్ళో పిల్లలం ఎవరైనా ఒట్టు వేయించుకుంటే, ఒట్టు తీసి గట్టుమీద పెట్టాం అనేవాళ్ళం. అంతటితో ఒట్టు ఎగిరిపోయేది. అరవయ్యేళ్ళు దగ్గరపడ్డ మనిషిని, ఆసుపత్రి కుర్చీలో కూర్చుని, పెదాల్లో ఆ మాటే అనుకున్నాను. ఆ తర్వాత హిందీలో గడగడా చెప్పేశాను, మిర్చిపిండీ, హుక్కులూ, బొబ్బలెక్కిన కాలూ అన్నీ. రత్నం నావైపు తిరగలేదు. ఆమె మెడ మాత్రం ఎర్రబడింది.

ఇషిత రత్నాన్ని కళ్ళు మూసుకోమంది. నా జేబులోంచి ఏదైనా ఇమ్మంటే తాళంచెవి ఇచ్చాను. దాన్ని రత్నం అరచేతిలో పెట్టి ఏమిటో చెప్పమంది. రోజూ పదిసార్లు తిప్పే మా ఇంటి తాళంచెవి అది. రత్నం వేళ్ళతో అటూ ఇటూ దొర్లించి, కాసేపు ఆలోచించి, రూపాయి బిళ్ళ అంది. కళ్ళు తెరిచి చూసుకుని తల దించేసుకుంది.

ఎక్కించే మందు ఆ రోజుతో ఆపేశారు. మాత్రలు మాత్రం చివరిదాకా వేసుకోవాలన్నారు. రత్నం అడగలేదు గానీ ఇషితకి అర్థమైనట్టుంది. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని చెప్పింది. ఆ రెండు వేళ్ళు ఈ ఒక్క మందువి కావు ఆంటీ, మాత్రల పాలే ఎక్కువ. ఈ మందు ఇచ్చే సాయంలో చాలా భాగం ఇప్పటికే మీ ఒంట్లోకి వెళ్ళింది. ఇంకా ఎక్కిస్తే కొత్తగా కలిసొచ్చేది కొంచెం, పోయేది మీ చేతులు. ఆ పదిమందిలో మీ వేలు ఏదో మాత్రం నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. అంతకన్నా చెబితే అబద్ధమే అవుతుంది.

ఆటోలో ఒక్క మాట లేదు. ఇంట్లోనూ లేదు. నాకు చెప్పాల్సిందంతా శ్రీవల్లి ద్వారా వచ్చేది. మీ నాన్నని అన్నానికి రమ్మను, మీ నాన్న కళ్ళద్దాలు బాత్రూంలో ఉన్నాయని చెప్పు. శ్రీవల్లి దాన్ని హిందీలోకి మార్చి, పక్కనే కూర్చున్న నాకు అందించేది. తిట్టినా బాగుండేది. ముదురు బెండకాయలు పనిగట్టుకుని తెచ్చాను, తిడుతుందేమోనని ఆశపడి. మాట్లాడకుండా వాటినే వండింది. ముప్ఫయ్యేళ్ళుగా తప్పించుకు తిరిగిన తిట్ల కోసం మొహం వాచిపోతానని నేనెప్పుడూ అనుకోలేదు. రోజూ సాయంత్రం ఆమె ఒక్కతే డాబా ఎక్కి, ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వాటివల్లే తను ఓడిపోయినట్టు చూసుకునేది.

జూలైలో మొదటి వాన పడ్డ సాయంత్రం కరెంటు పోయింది. శ్రీవల్లి ఇంకా రాలేదు. వరండాలో నేనొక చివర, ఆమె ఒక చివర. జల్లు కొడుతోంది. చీకట్లోంచి ఆమె గొంతు వినిపించింది.

“నా మీద వేసిన ఒట్టు తప్పారు. నేను పోతే?”

ఎన్ని రోజుల తర్వాతో నాతో మాట్లాడింది, మాట్లాడి ఆ ప్రశ్న అడిగింది. నా దగ్గర శాతాలు లేవు. ఉన్నదే చెప్పాను.

“పోయేదానివనుకుంటే చెప్పేవాణ్ణి కాదు రత్నం. పోయేవాళ్ళకి చేతులెలా ఉంటే ఏం? నువ్వుంటావు. ఉండేదానికి చేతులు కావాలి.”

వాన చప్పుడులోనే ఆమె కుర్చీ జరిగిన చప్పుడైంది. నా చేతిమీద ఆమె చెయ్యి పడింది, తడిగా ఉంది. పట్టుకున్నానా అని అడిగింది. చీకట్లో చూడకుండా ఆమెకి తెలియదు మరి. పట్టుకున్నావు అన్నాను. గట్టిగానే పట్టుకున్నావు అని కూడా చెప్పాను. అలాగే కూర్చున్నాం, కరెంటు వచ్చేదాకా.

సెప్టెంబరులో మాత్రలు అయిపోయాయి. మందు ఆపాక కూడా ఓ రెండు నెలలు తిమ్మిరి ఇంకా పెరిగింది. అలా జరుగుతుందని ఇషిత ముందే చెప్పింది కాబట్టి గుండె చిక్కబట్టుకున్నాం. చలికాలంలో మెల్లగా తగ్గుముఖం పట్టింది. స్కాన్లు ఇప్పటిదాకా శుభ్రంగా వచ్చాయి. ప్రతి స్కానుకీ ముందు వారం రోజులు మా ఇంట్లో ఎవరం గట్టిగా నవ్వం. ఐదేళ్ళలో ఒక ఏడు గడిచింది. ఆమె ఆ రెండు వేళ్ళలో ఉందో, ఆ ఐదింటిలో ఉందో, ఏ లెక్కలోనూ లేదో నాకు తెలియదు. చన్నీళ్ళు మాత్రం మళ్ళీ తాగుతోంది. మొదటి గ్లాసు తాగిన రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గుటక వినపడేట్టు తాగింది. ఎలా ఉన్నాయని నేనడిగితే, మీకు చెప్పినా అర్థం కాదులెండి అంది.

మొన్న ఆదివారం మళ్ళీ బూడిద గుమ్మడికాయ తెచ్చాను. మొదటి గాటు నేనే వేశాను. మర్నాడు పొద్దున్నే డాబా మీద చీరలు పరిచాం. గౌరి ఈసారి జాగ్రత్తపడి చేతులకి ప్లాస్టిక్ గ్లౌజులు వేసుకొచ్చింది. నేను మజ్జిగ గిన్నెతో నా స్థానంలో నిలబడ్డాను, చల్లటి మజ్జిగే. రత్నం పిండిలో చేతులు పెట్టింది. కలిపింది, ఒక వరస పెట్టింది, రెండో వరస మొదలుపెట్టింది. నాకు ఆమె మొహం చూసే ధైర్యం లేక పిట్టగోడ మీది పావురాన్ని చూస్తున్నాను. పెట్టే చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే, చేతులు రెండూ పైకెత్తి, పిండి కారుతున్న వేళ్ళని ఒక్కొక్కటిగా చూసుకుంటోంది. కళ్ళనిండా నీళ్ళు.

“మండుతోందండీ.”

గిన్నె పట్టుకుని పరుగున వెళ్ళి ముందు పెట్టాను. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

“ఉండండి. కాసేపు మండనివ్వండి.”

నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎండెక్కింది, మజ్జిగ వేడెక్కిపోయింది.